ఖాజా కుడిచేతి పక్క జాగ

కరీంనగర్‌లో పొద్దున రైలెక్కడంలో ఒక సుఖం ఉంది. కిటికీ పక్క సీటు కోసం ఎవరితోనూ పోట్లాడనక్కర్లేదు. స్టేషన్ ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది కనుక, అంత దూరం వచ్చి రైలు కోసం కూర్చునే ఓపిక చాలామందికి లేదు. బస్టాండుకు పోయి మంచిర్యాల బస్సెక్కేస్తారు. నాకు మాత్రం రైలే ఇష్టం. కుంచెల సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటే, వాటికి పట్టిన టర్పెంటైన్ వాసనకు పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. రైల్లో గాలి ఆడుతుంది. మనుషులకు ఓర్పు కూడా కొంచెం ఎక్కువే ఉంటుంది.

నేను దుకాణాల బోర్డులు రాసే పేంటర్‌ని. ఫ్లెక్సీలు వచ్చాక నా కుంచెకు ట్రాక్టర్ల వెనక పేర్లు, బడిగోడల మీద సూక్తులు మాత్రమే మిగిలాయి. ఆ సూక్తులు రాసీ రాసీ ఈ వయసులో నాకే బుద్ధి వచ్చేలా ఉందని మా ఇంట్లో వేళాకోళం చేస్తారు. అలాంటిది పోయిన వారం మంచిర్యాల నుంచి ఖాజా భాయ్ ఫోన్ చేశాడు. ఖాజాది స్టేషన్ ముందు చాయ్ హోటల్. చాలా ఏళ్ళ కిందట ఆ వరుసలో ఉన్న దుకాణాలన్నిటికీ బోర్డులు రాసింది నేనే. అప్పటినుంచి అటు ఏ పని మీద పోయినా ఖాజా చాయ్ తాగకుండా తిరిగొచ్చింది లేదు.

"భాయ్, మా లైన్ లేపిండ్రు. స్టేషన్ కొత్తగ కడుతున్నరు గద, రోడ్డు ఎడల్పు జేసిండ్రు. మాకు అవతలి దిక్కు కొత్త దుకాణాలిచ్చిండ్రు. శుక్కురారం తెరుస్తున్నం. బోర్డు మాత్రం నువ్వే రాయాలె" అన్నాడు.

"ఫ్లెక్సీ ఒక్కరోజుల అయితది గద భాయ్" అన్నాను, బెట్టు చేద్దామని.

"ఫ్లెక్సీ ఏస్తె రెండు ఎండకాలాలకు నా పేరు తెల్లగైపోతది. నేనింక మస్తు రోజులుంట" అన్నాడు.

గురువారం పొద్దున ఏడు దాటాక రైలు కదిలింది. సుల్తానాబాద్ దాకా రెండు వైపులా వరిపొలాలే. ఊరు దగ్గర పడుతుంటే రైస్‌మిల్లుల గొట్టాలు, ఉడికిన వడ్ల వాసన. నా ఎదురుగా సిరిసిల్ల నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు కూర్చున్నారు. ఆయన సాంచాలు నడుపుతాడట. మా దగ్గర పవర్‌లూమ్‌ను సాంచా అంటారు. పని సన్నగిల్లిన రోజుల్లో ఇద్దరూ తువ్వాళ్ళ మూట కట్టుకుని కాగజ్‌నగర్ సంతకు పోతారట. నేను మంచిర్యాల స్టేషన్ ముందు బోర్డు రాయడానికి పోతున్నానని చెప్పగానే ఆవిడ ముఖం విప్పారింది.

"కొత్త స్టేషన్ చూసినం. మస్తుంది. కుర్చీలు మెరుస్తున్నయి" అంది.

"మెరుస్తున్నయి గని నడుమ నడుమ చేతులు పెట్టిండ్రు. మూట తలకింద పెట్టుకొని ఒరిగెటట్టు లేదు" అన్నాడు ఆయన.

"నువ్వు పండుకొనుడుకే పోతవా స్టేషన్‌కు?" అని ఆవిడ ఆయన్ను గదిమింది. తర్వాత నాకు ఒక తువ్వాల అంటగట్టింది. వద్దనలేకపోయాను. చెయ్యి తుడుచుకోవడానికి పేంటర్‌కు గుడ్డ ఎప్పుడూ అవసరమే.

పెద్దపల్లిలో దిగి రైలు మారాలి. మీరెవరైనా ఈ దారిన వస్తే ఇక్కడ కాస్త తీరిక చేసుకుని రండి, ఎందుకంటే కాగజ్‌నగర్ వైపు పోయే బండి తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్ళగా ఉంది, ఇడ్లీ మాత్రం వేడిగా ఉంది. రామగుండం దాటి గోదావరి మీదికి బండి రాగానే పెట్టెలో ఉన్న ఆడవాళ్ళందరూ కొంగుముళ్ళు విప్పి చిల్లర తీశారు. తువ్వాళ్ళావిడ బిళ్ళ వేసి, దండం పెట్టి, ఆయన చేతిలో కూడా ఒకటి పెట్టింది. నేను కూడా వేశాను. నాకు అంత భక్తి లేదు కానీ, ఆ వంతెన మీద చేతులు కట్టుకుని కూర్చుంటే ఏదో మర్యాద తప్పినట్టు ఉంటుంది.

మంచిర్యాలలో దిగేసరికి పదకొండు కావస్తోంది. కొత్తది బాగాలేదని నేనెందుకు అబద్ధం చెప్పాలి? ఎండ పడని ప్లాట్‌ఫాం, మెట్లెక్కలేని వాళ్ళకు లిఫ్టు, ఆడవాళ్ళు భయం లేకుండా వెళ్ళగలిగే మరుగుదొడ్లు. బయటికి వస్తే విశాలమైన ఆవరణ, ఆటోలకు వేరే దారి. వెనకటి రోజుల్లో ఇక్కడ వానాకాలం చెప్పులు చేత పట్టుకుని నడిచినవాణ్ణి నేను. ఆ నేల చూసి నిజంగానే సంతోషం వేసింది.

అయితే గేటు దాటగానే నా కాళ్ళు వాటంతటవే ఎడమకు తిరిగాయి. పాత వరుస ఎడమచేతి వైపే ఉండేది. గేటును ఆనుకుని మొదటిది ఖాజా హోటల్, ఆ తర్వాత పోశం సైకిల్ షాపు, అలా పదకొండు దుకాణాలు. ఇప్పుడు అక్కడ కంకర పరిచి ఉంది, తాపీవాళ్ళు రాళ్ళు సర్దుతున్నారు. నాలాగే ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఎడమకు తిరిగి, కంకర ముందు నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఆ కంకర పక్కన, గేటు గోడకు ఆనుకుని, ఒక్క మనిషి మాత్రం తన పాత చోటులోనే ఉంది. రాజవ్వ. ఆమెది చెన్నూరు దగ్గర పల్లె. మొగుడు పోయాక మంచిర్యాలకు వచ్చి ఇక్కడ జొన్నరొట్టెలు కొట్టడం మొదలుపెట్టింది. డబ్బా కోసి చేసిన ఇనప పొయ్యి, పెనం, కట్టెలు, ఒక గోనెపట్టా. అంతే ఆమె హోటల్. రొట్టె ఆమె దగ్గర కొనుక్కుని, ఖాజా బల్ల మీద కూర్చుని తిని, ఖాజా చాయ్ తాగడం ఇక్కడి ప్రయాణికుల అలవాటు. నీళ్ళు ఖాజా ఇచ్చేవాడు. ఎండ వాలితే తన రేకు కూడా ఆమె మీదికి జరిపేవాడు.

"అగో, పేంటర్ తమ్మీ! ఎన్నొద్దులాయె! కూసో, తిను" అని పట్టా మీద కాస్త జరిగింది. రెండు రొట్టెలు, ఎల్లిపాయ కారం, ఒక ఉల్లిగడ్డ. పొంగిన రొట్టెలోంచి ఆవిరి వస్తుంటే చిన్నప్పుడు మా అవ్వ పొయ్యి ముందు కూర్చున్నట్టే అనిపించింది. ఆ మాట ఆమెకు చెప్పాను కూడా.

"ఇయ్యాల్లటికే తినాలె. రేపు పొద్దుగాల చెన్నూరు బస్సుకు పోతున్న" అంది.

"మల్లెప్పుడొస్తవు?"

"ఇంక రాను తమ్మీ. తమ్ముని ఇంట్ల ఉంట. పత్తి ఏరవోతె కడుపుకు సరిపోతది." పిండి ముద్దను అరచేతుల మధ్య తిప్పుతూనే చెప్పింది. "దుకాణాలున్నోళ్ళకు దుకాణాలిచ్చిండ్రు. నాకు దుకాణమెక్కడిది?"

కరీంనగర్ నుంచి వచ్చింది ఖాజా పేరు రాయడానికే కానీ, సంగతి ఇదని ముందే తెలిస్తే అసలు వచ్చేవాణ్ణి కాదేమో.

రోడ్డు దాటి కొత్త వరుసకు పోయాను. కుడిచేతి వైపు తెల్లటి సిమెంటు దుకాణాలు, నీలం షట్టర్లు, ముందర నాపరాళ్ళ అరుగు. మొదటి దుకాణంలో ఖాజా ఉంటాడనుకున్నాను. లేడు. అక్కడ పాన్ డబ్బా మల్లేశం కూర్చుని ఉన్నాడు. పాత వరుసలో అతనిది అన్నిటికంటే చివరి దుకాణం. అతను వేలితో అటు చూపించాడు, నవ్వు ఆపుకుంటూ. ఖాజా హోటల్ ఆ చివర ఉంది, స్టేషన్‌కు అందరికంటే దూరంగా, పైఅంతస్తుకు పోయే మెట్ల పక్కన.

"ఇదేంది భాయ్?" అన్నాను.

ఖాజా నుదురు కొట్టుకున్నాడు. కథ ఇదీ. దుకాణాలు పంచేటప్పుడు పేర్లు రాసి చీటీలు తీశారు. ఎవరికి ఏ దుకాణం పడిందో దానికీ పాత వరుసకూ పొంతనే లేదు. ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చున్నవాళ్ళు విడిపోవడం ఎవరికీ నచ్చలేదు. నేను నమాజుకు పోతే గల్లా చూసేదెవరు, నేను అన్నానికి పోతే గిరాకీని నిలబెట్టేదెవరు అని అందరూ ఒక సాయంత్రం కూర్చుని, అధికారులకు చెప్పే దుకాణాలు మార్చుకున్నారు. లెక్క ఒక్కటే. గద్దె మీద కూర్చుంటే పాత దుకాణంలో ఎడమచేతికి ఎవరుండేవారో, కొత్త దుకాణంలోనూ ఎడమచేతికి వాళ్ళే ఉండాలి. ఖాజా ఎడమచేతికి పోశం. పోశం ఎడమచేతికి బట్టల దుకాణం. అలా మల్లేశం దాకా.

"అందరం సంబురపడ్డం. తాళాలు తీసుకున్నం. ఇంట్ల మిఠాయి గూడ పంచిన" అన్నాడు ఖాజా. "తెల్లారి వచ్చి గద్దె మీద కూసుంటె, స్టేషన్ నాకు కనవడ్తలేదు!"

ఎందుకు కనిపిస్తుంది? పాత వరుస రోడ్డుకు ఎడమ పక్క, కొత్తది కుడి పక్క. ముఖం ఇటు నుంచి అటు తిరిగాక ఎడమచేతి లెక్క పెట్టుకుంటే మొదటివాడు చివరికి పోక ఏం చేస్తాడు? గిరాకీ ఎటునుంచి నడిచొస్తుందో పదకొండు మందిలో ఒక్కరికీ తట్టలేదు. పక్కన ఎవరుంటారన్నదే వాళ్ళ ఆలోచన అంతా. నాకు నవ్వాగలేదు. ఖాజా కూడా కాసేపు ముఖం ముడుచుకుని, చివరికి నవ్వేశాడు.

"మల్ల మార్చుకోరాదు?"

"అడిగిన. ఎవ్వడు ఒప్పుకుంటలేడు. మల్లేశం అయితె నన్ను చూసి షట్టర్ గుంజుకుంటుండు."

నేను రాజవ్వ సంగతి ఎత్తాను. ఖాజా నవ్వు ఆగిపోయింది. హోటల్ కుడి పక్కన, మెట్ల కింద, ముక్కోణం ఆకారంలో కొంత ఖాళీ చోటు ఉంది. నలుగురు కూర్చోవచ్చు. దాన్ని చూపించాడు.

"గిది నా దుకాణం కిందికే వస్తది. సామాన్లు పెట్టుకోమన్నరు. అక్కా, ఈడ కూసో అని నాలుగు సార్లు చెప్పిన. ఇనదు. నీ జాగల నేనెందుకు కూసుంట అంటది. నెలకింత కిరాయి తీస్కుంటవా అన్నది. నేనెట్ల తీస్కుంట భాయ్? తీస్కోనంటె రానంటది."

అప్పుడే ఆ కట్టడం పని చూసే సూపర్‌వైజర్ వచ్చాడు. ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో, మర్యాదగా మాట్లాడాడు. "అంకుల్, చివరి దుకాణపాయన ఆ జాగల ఏమన్న పెట్టుకోవచ్చు. గని దుకాణంతోని సంబంధం లేనోళ్ళు కూసుంటె నేను లేపాలె. లేకుంటె నన్ను లేపుతరు" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను కానీ, రాలేదు.

మధ్యాహ్నం రంగుల దుకాణానికి పోయి ఎనామిల్ రంగు డబ్బాలు కొన్నాను. ఇనపరేకు బోర్డుకు ముదురు ఆకుపచ్చ పూత వేసి ఆరబెట్టాను. సున్నపు దారంతో గీతలు కొట్టి, తెలుగులోనూ ఉర్దూలోనూ ఖాజా పేరు ఎంత పొడవు వస్తుందో చూసుకున్నాను. పొద్దు వాలాక మళ్ళీ గేటు దగ్గరికి పోయి రాజవ్వను అడిగాను, మెట్ల కింద కూర్చుంటే ఏమవుతుందని.

"ఇన్నేండ్లు గీడ ఎవలన్న అడిగిండ్రా నన్ను?" అంది, పెనం తోముతూ. "గీ జాగ ఎవలది గాకుండె. గందుకె నాదనుకున్న. గిప్పుడు జానెడు జానెడుకు ఒకలున్నరు. ఖాజా మంచోడు. గని ఊరికెనే ఇచ్చిన జాగల కూసుంటె, రొట్టె గూడ ఊరికెనే కొట్టినట్టుంటది నాకు."

స్టేషన్‌కు దగ్గరలోనే లాడ్జిలో గది తీసుకున్నాను. గది ఇరుకుగానే ఉంది కానీ, దుప్పటి ఉతికింది, నీళ్ళు వేడివి. ఒక్క రాత్రికి అంతకంటే ఏం కావాలి?

శుక్రవారం పొద్దున ఆరున్నరకే వరుసంతా సిద్ధమైంది. శుక్రవారం అంటే హిందువులకు లక్ష్మీపూజ రోజు, ముస్లింలకు జుమ్మా. రెండు రకాలుగానూ కలిసొచ్చేలా చూసుకున్నారు. ప్రతి షట్టర్‌కూ మామిడాకులు, బంతిపూలు. పోశం కొత్త లుంగీ కట్టుకున్నాడు. ఖాజా గ్యాసు పొయ్యి మీద పాలు మరుగుతున్నాయి. నేను బోర్డును బల్ల మీద ఆనించి, ఖాజా పేరులో మొదటి అక్షరం వేస్తున్నాను. బయట నలుగురైదుగురు గిరాకీ నిలబడి ఉన్నారు. అయినా ఎవరూ వాళ్ళను ఏం కావాలని అడగడం లేదు.

ఎందుకంటే, ఆ వరుసలో ఊదు పడకుండా బోణీ చేయరు. రోజూ పొద్దున ఒక ఫకీరు సాబ్ వస్తాడు. చేతిలో ఊదుదాని, అంటే గొలుసులు వేసిన చిన్న ఇత్తడి కుంపటి, ఇంకో చేతిలో నెమలి ఈకల కట్ట. నిప్పుల మీద ఊదు పొడి చల్లి, ఆ పొగ ప్రతి దుకాణంలోకీ పట్టి, గల్లాపెట్టె మీద ఈకలతో తడిమి, ఒక మంచిమాట చెప్పి పోతాడు. దేవుడి పటానికి హారతి ఇచ్చే పోశం కూడా ఆ పొగ కోసం ఆగుతాడు. కరీంనగర్‌లో మా బజారులోనూ ఉంది ఈ పద్ధతి, అందుకే నాకు వింత అనిపించలేదు.

ఫకీరు సాబ్ వచ్చాడు. మల్లేశం దుకాణం ముందు నిలబడ్డాడు. ఊదుదాని మూత తీశాడు. లోపల ఖాళీ.

"నిప్పులేవి?" అన్నాడు.

మల్లేశం పక్క దుకాణం వైపు చూశాడు. పక్కవాడు తన పక్కవాడి వైపు చూశాడు. ఆ చూపు వరుసంతా నడిచి ఖాజా దగ్గరికి వచ్చింది. ఖాజా తన గ్యాసు పొయ్యి వైపు చూశాడు. గ్యాసు మంటలో నిప్పులు ఎక్కడి నుంచి వస్తాయి? ఒకాయన కాగితాలు కాల్చి చూశాడు, బూడిద అయింది. పోశం ప్యాకింగు చెక్క ఒకటి అంటించాడు, గాలికి ఆరి, పొగ కమ్మి అందరూ దగ్గారు.

"సాబ్, రోజు నిప్పు ఎక్కడికెల్లి తెస్తుంటివి?" అన్నాడు ఖాజా.

ఫకీరు సాబ్ వింతగా చూశాడు. "రాజవ్వ పొయ్యిల కెల్లి. మీరు షట్టర్ ఎత్తక ముందే ఆమె పొయ్యి మండుతుండె గద. ఆమె ఏది?"

ఖాజా ముఖం నేను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. అది అలా మారడం ఎప్పుడూ చూడలేదు. చేతిలో ఉన్న చాయ్ గంటె బల్ల మీద పెట్టేసి, "భాయ్, రా" అని నా భుజం పట్టుకుని లాగాడు. ఎదురుగా ఉన్న ఆటో ఎక్కాం. నా చేతిలో కుంచె అలాగే ఉంది. దారిపొడుగునా రంగు చుక్కలు నా ప్యాంటు మీదే పడ్డాయి.

బస్టాండులో చెన్నూరు బస్సు ఇంజను వేసి ఉంది. రాజవ్వ మూడో కిటికీ దగ్గర కూర్చుని ఉంది, కాళ్ళ దగ్గర గోనెసంచిలో పొయ్యి, పక్కన మిగిలిన కట్టెల మోపు. కిటికీ ఊచ పట్టుకుని ఖాజా ఆయాసపడుతూ, "అక్కా, దిగు" అన్నాడు.

"మల్లేంది ఖాజా? చెప్పిన గద, ఊరికెనే నీ జాగల కూసుండనని."

"ఊరికెనే వద్దు. కిరాయి ఇయ్యి."

బస్సులో వాళ్ళందరూ ఇటు తిరిగారు. రాజవ్వ ముఖం చిన్నబోయింది. ముందు తనే ఇస్తానన్న మాటే కానీ, ఖాజా నోట వినేసరికి బాధ కలిగినట్టుంది. గొంతు తగ్గించి, "ఏమియ్యాలె?" అని అడిగింది.

"నిప్పియ్యి."

"ఏంది?"

"నిప్పు. రోజు పొద్దుగాల ఊదుకు నిప్పు. అదే కిరాయి. ఒక్కరోజు తప్పినా నేనూకోను."

"పోరా! నిప్పుకు కిరాయేంది? ఎవలడిగినా ఇచ్చేదే గద నిప్పు."

"ఎవలిస్తరక్కా? లైన్ల అందరికి గ్యాసే. ఫకీరు సాబ్ ఖాళీ ఊదుదాని పట్టుకొని నిలవడ్డడు. పదకొండు దుకాణాలల్ల ఒక్క బోణీ కాలే."

రాజవ్వ చప్పున లేచింది. "ఒక్క బోణీ గూడ కాలేదా? గింత పొద్దెక్కినంక? మంచిరోజు పూట?" ఆమె గొంతులో కోపం, కంగారు, ఇంకేదో. "గదేందో ముందుగాల చెప్పద్దా! కండక్టర్ బిడ్డా, బస్సు ఆపు. జర గా సంచి పట్టు."

"ఆగే ఉంది అవ్వా" అన్నాడు కండక్టర్. పక్క సీటావిడ నవ్వుతూ సంచి అందించింది. పొయ్యిని నేను, కట్టెల మోపును ఖాజా మోసుకుని ఆటోలో వేశాం.

మెట్ల కింద పొయ్యి పెట్టి, రాజవ్వ కట్టెలు పేర్చి అంటించింది. పదకొండు మంది దుకాణదారులూ చుట్టూ నిలబడి కట్టె ఎప్పుడు నిప్పు అవుతుందా అని చూస్తున్నారు. ఆమె అందర్నీ కసిరింది, "అట్ల మీద పడకుండ్రి, గాలాడనియ్యిండ్రి" అని. చివరికి పట్టకారుతో ఎర్రటి నిప్పులు తీసి ఊదుదానిలో వేసింది. ఫకీరు సాబ్ పొడి చల్లాడు. పొగ లేచింది. ఆయన వరుసలో మొదటిదైన మల్లేశం దుకాణానికి పోకుండా, ముందు ఆ మెట్ల కిందే ఈకలు ఆడించి, అప్పుడు కదిలాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్లనే అని చెప్పుకోవచ్చు, కానీ అది అబద్ధం.

అప్పుడు చూశాను ఇంకో సంగతి. పాత వరుసలో ఖాజా గద్దె మీద కూర్చుంటే రాజవ్వ అతనికి కుడిచేతి పక్కన ఉండేది. ఇప్పుడు మెట్ల కింద కూడా కుడిచేతి పక్కనే ఉంది. వాళ్ళందరూ ఎవరి పక్కన ఎవరో చూసుకుని చేసిన ఆ తెలివితక్కువ మార్పిడి వల్ల, ఆమె చోటు ఒక్కటే ఎక్కడుండాలో అక్కడే కుదిరింది.

పొగ చూసి సూపర్‌వైజర్ రానే వచ్చాడు. "ఖాజా అంకుల్, నిన్ననే చెప్పిన. దుకాణంతోని సంబంధం లేనోళ్ళు..."

"సంబంధం ఎందుకు లేదు? మా హోటల్ రొట్టెలు కొట్టేది ఈమెనే. పేంటర్ సాబ్, బోర్డు సార్‌కు చూపియ్యి" అన్నాడు ఖాజా, తొణక్కుండా.

బోర్డు మీద ఏముంది? ఖాజా పేరులో ఒక్క అక్షరం. నేను వెంటనే సుద్దముక్క తీసి, ఖాజా చాయ్ అని ఒక వరుస, దాని కింద అంతే లావుతో రాజవ్వ రొట్టెలు అని ఇంకో వరుస గీసేశాను. నా జన్మలో అంత వేగంగా ఏ బోర్డూ కొట్టలేదు. సూపర్‌వైజర్ బోర్డును చూశాడు, నన్ను చూశాడు, పొయ్యి మీద పొంగుతున్న రొట్టెను చూశాడు.

"గోడ నల్లగైతె నన్నంటరు. రేకు కొట్టిపియ్యుండ్రి" అన్నాడు. "రంగు ఆరినంక వచ్చి చూస్త." అతను అటు తిరగ్గానే పోశం రేకు ముక్క, మేకులు తెచ్చాడు.

మధ్యాహ్నం దాకా బోర్డు రాశాను. గిరాకీకి కొదవ లేదు. రొట్టెల వాసనకు జనం వరుస చివరిదాకా నడిచొస్తున్నారు. ఆ నడిచే దారిలో మల్లేశం పాన్ కూడా అమ్ముడుపోతోంది కనుక అతను ఖాజాకు దూరం నుంచి దండం పెట్టాడు. పని అయ్యాక రాజవ్వ పిండి చేతులతోనే వచ్చి బోర్డు ముందు నిలబడింది.

"ఇండ్ల నాదేది తమ్మీ?"

చూపించాను. ఆమె చూపుడు వేలు చాచి, నేను వద్దనేలోపే, తడి రంగు మీద పెట్టింది. "అయ్యో, ఖరాబు జేసిన" అని వెనక్కి తీసింది. నేను తువ్వాలకు టర్పెంటైన్ అద్దుకున్నాను తుడవడానికి. మళ్ళీ సంచిలో పెట్టేశాను.

సాయంత్రం బండికి బయల్దేరాను. ఖాజా డబ్బులు ఇచ్చాడు, రాజవ్వ నాలుగు రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చింది. గోదావరి మీద నా పక్కన కూర్చున్న పెద్దాయన నా చొక్కా వాసన చూసి, "దర్గకు పోయి వస్తున్నరా?" అని అడిగాడు. స్టేషన్‌కు పోయి వస్తున్నానని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. రొట్టె సగం ఆయనకు ఇచ్చాను. అప్పుడు అర్థమైనట్టు తల ఊపాడు.

ఊళ్ళు మారతాయి, మారాలి కూడా. ఆ విశాలమైన ఆవరణ చూడటానికైనా మీరు ఒకసారి మంచిర్యాల పోయి రండి. గేటు బయటికి రాగానే మీ కాళ్ళు ఎటు తిరిగినా, మీరు కుడివైపుకే నడవండి. మొదటి దుకాణాల దగ్గర ఆగకండి, మల్లేశం ఏమీ అనుకోడు. మెట్ల దాకా పోండి. పొద్దున్నే పోతే ఊదు పడేదాకా కాస్త ఓపిక పట్టాలి, మీకు బోణీ చేయరు. ఆ కాసేపు తల ఎత్తి బోర్డు చూడండి. రెండో వరుసలో మొదటి అక్షరం మీద వేలిముద్దరంత తెల్లటి మచ్చ ఒకటి ఉంటుంది. పేంటర్‌కు చేతకాలేదని అనుకోకండి. అది జొన్నపిండి.